మీ డొమైన్ పేరుతో మరొకరు ఈమెయిలు పంపకుండా కట్టడి చేసే విధానం

గుంటూరులో ఎండుమిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థ విదేశంలోని కొనుగోలుదారుకు ఇన్వాయిస్ పంపిందనుకుందాం. మర్నాడు అదే సంస్థ అకౌంట్స్ చిరునామా నుంచి వచ్చినట్టుగా కొనుగోలుదారుకు మరో ఈమెయిలు అందుతుంది. పాత బ్యాంకు ఖాతాకు ఆడిటు జరుగుతున్నందున సొమ్మును ఈ కొత్త ఖాతాకు జమ చేయగలరని అందులో కోరతారు. చిరునామాలో ఒక్క అక్షరమైనా తేడా ఉండదు. సంస్థ కంప్యూటర్లలోకి ఎవరూ చొరబడలేదు, పాస్‌వర్డు ఎవరికీ చిక్కలేదు. అయినా సొమ్ము వేరొకరి ఖాతాకు చేరుతుంది, సరుకు ఓడ ఎక్కిన తరువాత గానీ ఇరుపక్షాలకూ సంగతి తెలియదు. వ్యాపార ఈమెయిళ్ల మోసాల వల్ల 2023లో 290 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయినట్టు తమకు ఫిర్యాదులు అందాయని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది. వాటిలో కొన్ని మెయిల్‌బాక్సు చేజారడం వల్ల, కొన్ని మరో విధమైన మాయ వల్ల జరుగుతాయి. అచ్చంగా మీ చిరునామాతోనే వెళ్లే నకిలీ ఈమెయిలును మాత్రం డొమైన్ యజమానిగా మీరే అడ్డుకోగలరు. అందుకు డీఎన్ఎస్‌లో, అంటే డొమైన్ల వివరాలను ఇంటర్నెట్‌కు తెలిపే పట్టికలో, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రకాల రికార్డులు, ఒకటి రెండు నెలల ఓపిక కావాలి.

సొంత డొమైన్ పేరుతో ఈమెయిలు నడిపే సంస్థలు, కళాశాలలు, ఆసుపత్రులు, పత్రికలు, చిన్న దుకాణాలు, వీరందరి కోసమే ఈ వివరణ. జీమెయిల్ లేదా యాహూ చిరునామానే వాడుకునేవారు చేయవలసినది ఏమీ లేదు, ఆ డొమైన్ల రక్షణ ఆయా కంపెనీల చేతిలోనే ఉంటుంది.

ఫోర్జరీకి దారి ఎక్కడ ఉంది

ఈమెయిలు రవాణాకు నేటికీ ఆధారమైన ఎస్ఎంటీపీ ప్రమాణం 1982లో వెలువడింది. ఒకరినొకరు ఎరిగిన కొద్దిపాటి విశ్వవిద్యాలయాలు, పరిశోధనాలయాల మధ్య నడిచిన నెట్‌వర్కు కోసం రాసినది కాబట్టి, పంపుతున్నవాడు నిజంగా ఫలానావాడేనా అని అడిగే ఏర్పాటు అందులో లేదు. పైగా ప్రతి ఈమెయిలుకూ పంపినవారి చిరునామాలు రెండు ఉంటాయి. తపాలా కవరు మీద రాసే చిరునామా ఒకటి, లోపలి ఉత్తరం చివర చేసే సంతకం మరొకటి అయినట్టే, సర్వర్లు తమలో తాము చెప్పుకునే కవరు చిరునామా ఒకటి, చదివేవారి తెర మీద ‘ఫ్రమ్’ అని కనిపించే చిరునామా మరొకటి. ఈ రెండూ ఒకటే కావాలన్న నియమం ఎస్ఎంటీపీలో లేదు. ఇది గుర్తుంచుకుంటే తక్కినదంతా సులువుగా అర్థమవుతుంది. మరచిపోతే మాత్రం ఎస్‌పీఎఫ్ పెట్టాం, ఇక భయం లేదు అనుకునే పొరపాటు తప్పదు.

రికార్డుల కంటే ముందు జాబితా

డీఎన్ఎస్ ప్యానెల్ తెరవక ముందే చేయవలసిన పని ఒకటుంది. మీ డొమైన్ పేరుతో ఎవరెవరు ఈమెయిళ్లు పంపుతున్నారో కాగితం మీద రాసుకోవాలి. రోజూ వాడే గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365 లేదా జోహో అందరికీ గుర్తుంటాయి. గుర్తుకు రానివి వేరే ఉంటాయి: వెబ్‌సైటులోని ‘మమ్మల్ని సంప్రదించండి’ ఫారం, ఇన్వాయిస్‌లు పంపే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, జీతాల స్లిప్పులు పంపే పేరోల్ సేవ, పండుగల ఆఫర్లు పంపే మార్కెటింగ్ సేవ, ఫీజు రసీదులు పంపే కళాశాల పోర్టల్, స్కాన్ చేసిన కాగితాన్ని నేరుగా ఈమెయిలు చేసే జిరాక్స్ యంత్రం. ఏళ్ల క్రితం వెబ్‌సైటు కట్టి ఇచ్చి వెళ్లిపోయిన డెవలపర్ ఏ సర్వర్ నుంచి ఏమి పంపేలా అమర్చాడో చాలా సంస్థల్లో ఎవరికీ తెలియదు. అకౌంట్స్ విభాగాన్నీ, మానవ వనరుల విభాగాన్నీ, వెబ్‌సైటు చూసుకునేవారినీ విడివిడిగా అడగడం అవసరం. ఈ జాబితా అసంపూర్తిగా ఉంటే తరువాత ఆగిపోయేది దొంగ ఈమెయిలు కాదు, మీ సిబ్బంది జీతాల స్లిప్పు.

మీ డొమైన్ డీఎన్ఎస్ ఎవరి దగ్గర ఉందో, దాని లాగిన్ ఎవరి చేతిలో ఉందో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. డొమైన్ కొన్నది ఒకచోట, డీఎన్ఎస్ నడిచేది మరొకచోట కావడం మామూలే.

ఎస్‌పీఎఫ్: ఏ సర్వర్లకు అనుమతి ఉంది

ఎస్‌పీఎఫ్ అనేది డొమైన్ మూలంలో పెట్టే ఒక టెక్స్ట్ రికార్డు. మా పేరుతో ఈమెయిలు పంపడానికి ఈ ఈ సర్వర్లకే అనుమతి ఉందని అది లోకానికి ప్రకటిస్తుంది. ఇప్పుడు అమలులో ఉన్న దాని ప్రమాణం 2014 నాటిది. గూగుల్ వర్క్‌స్పేస్ ఒక్కటే వాడే సంస్థకు రికార్డు ఇంచుమించు ఇలా ఉంటుంది: ‘వీ=ఎస్‌పీఎఫ్1 ఇన్‌క్లూడ్:_ఎస్‌పీఎఫ్.గూగుల్.కామ్ ~ఆల్’. ఇక్కడ చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో రాశాను. ప్యానెల్‌లో మాత్రం అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే టైపు చేయాలి, సరైన పాఠాన్ని మీ ఈమెయిలు సేవ సహాయ పేజీ నుంచి కాపీ చేసుకోవడం మరీ మంచిది. మరో సేవ కూడా మీ పేరుతో పంపుతుంటే దాని ‘ఇన్‌క్లూడ్’ పదాన్ని అదే వరుసలో, చివరి ‘ఆల్’కు ముందు చేర్చాలి.

ఒక డొమైనుకు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. కొత్త సేవ తీసుకున్నప్పుడల్లా ఆ సేవ వారు ఇచ్చిన వరుసను విడిగా ఇంకో రికార్డుగా చేర్చేయడం తరచుగా కనిపించే తప్పు. రెండు రికార్డులు కనిపిస్తే పరీక్షించే సర్వర్ రెండింటినీ చెల్లనివిగా లెక్కవేస్తుంది. అలాగే రికార్డును చదవడానికి పది డీఎన్ఎస్ వెతుకులాటలకు మించి అవసరం పడకూడదు. ఒక ‘ఇన్‌క్లూడ్’ లోపల మరికొన్ని ‘ఇన్‌క్లూడ్’లు దాగి ఉంటాయి కాబట్టి, పైకి నాలుగే కనిపిస్తున్నా లెక్క పది దాటవచ్చు. మానేసిన సేవల పేర్లను తీసివేయడమే దీనికి తొలి మందు.

చివరి గుర్తు విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. ‘ఆల్’కు ముందు మైనస్ పెడితే జాబితాలో లేనిదాన్ని తిరస్కరించమని, ~ గుర్తు పెడితే అనుమానించమని అర్థం. మైనస్ గట్టిగా కనిపిస్తుంది గనుక చాలామంది దానినే సిఫారసు చేస్తారు. కొన్ని సర్వర్లు ఆ మైనస్‌ను చూసి, డీకిమ్ సంతకాన్ని (దీని సంగతి కింద చెబుతాను) పరీక్షించక ముందే ఈమెయిలును తిప్పికొడతాయి; అందువల్ల ఫార్వర్డ్ అయి వచ్చిన మీ సొంత ఈమెయిలు కూడా బలి కావచ్చు. డీమార్క్‌ను పూర్తిగా అమలు చేయదలచినవారు ~ గుర్తుతో ఉండటమే మేలని నా అభిప్రాయం. ప్లస్ గుర్తును మాత్రం ఎన్నడూ పెట్టవద్దు, అది ప్రపంచంలోని ప్రతి సర్వర్‌కూ అనుమతి ఇచ్చేస్తుంది.

ఎస్‌పీఎఫ్ పరీక్షించేది కవరు చిరునామాను. మోసగాడు కవరు మీద తన సొంత డొమైను పెట్టుకుని, ఫ్రమ్ గడిలో మీ చిరునామా రాస్తే, అతని డొమైనుకు ఎస్‌పీఎఫ్ చక్కగా నెగ్గుతుంది, చదివేవారికి మీ పేరే కనిపిస్తుంది.

డీకిమ్: ఈమెయిలు మీద సంతకం

యాహూ, సిస్కో వేర్వేరుగా రూపొందించిన పద్ధతులను కలిపి తయారు చేసిన డీకిమ్ 2007లో ప్రమాణంగా వెలువడింది. పంపే సర్వర్ తన రహస్య తాళంచెవితో ప్రతి ఈమెయిలు మీదా ఒక డిజిటల్ సంతకం చేస్తుంది. దానిని సరిచూసే బహిరంగ తాళంచెవిని మీరు డీఎన్ఎస్‌లో ప్రచురిస్తారు. దారిలో ఎవరైనా ఇన్వాయిస్‌లోని ఖాతా నంబరు మార్చితే సంతకం సరిపోలదు.

అమర్చడానికి మీ ఈమెయిలు సేవ అడ్మిన్ ప్యానెల్‌లో డీకిమ్ విభాగం తెరిచి తాళంచెవిని పుట్టించమని అడగాలి. అది ఆ తాళంచెవిని గుర్తించే సెలెక్టర్ అనే పేరునూ, పొడవైన అక్షరాల వరుసనూ ఇస్తుంది. సెలెక్టర్, చుక్క, ‘_డొమైన్‌కీ’ అనే పేరుతో డీఎన్ఎస్‌లో టెక్స్ట్ రికార్డు చేర్చాలి. మైక్రోసాఫ్ట్ 365 వంటి సేవలు టెక్స్ట్ రికార్డుకు బదులు తమ సర్వర్ల వైపు మళ్లించే సీనేమ్ రికార్డులు రెండు పెట్టమంటాయి, తాళంచెవులను అవే మార్చుకునేందుకు వీలుగా. రికార్డు ప్రచురించాక మళ్లీ అడ్మిన్ ప్యానెల్‌కు వెళ్లి సంతకం ప్రారంభించే బటన్ నొక్కడం మరచిపోవద్దు. సగం పని చేసి వదిలేసిన డొమైన్లు ఎన్నో ఈ బటన్ దగ్గరే ఆగి ఉంటాయి.

తాళంచెవి 2048 బిట్లది కావాలి. ఇది చాదస్తం కాదు. 2011 డిసెంబరులో అమెరికాకు చెందిన ఒక గణితవేత్త గూగుల్ నుంచి వచ్చిన ఉద్యోగ ఆహ్వానం హెడర్లను, అంటే ఈమెయిలు వెనక దాగి ఉండే సాంకేతిక వివరాలను, పరిశీలించి, దాని డీకిమ్ తాళంచెవి కేవలం 512 బిట్లదని గమనించాడు. అద్దె క్లౌడ్ కంప్యూటర్లతో దానిని ఛేదించి, గూగుల్ వ్యవస్థాపకుల్లో ఒకరి పేరుతో మరొకరికి ఈమెయిలు పంపి చూపించాడు. గూగుల్ వెంటనే తాళంచెవిని మార్చుకుంది. 2048 బిట్ల వరుస 255 అక్షరాలకు మించిపోతుంది కాబట్టి కొన్ని పాత ప్యానెళ్లు దానిని తీసుకోవు. అప్పుడు కొటేషన్ గుర్తుల మధ్య రెండు ముక్కలుగా ఒకే రికార్డులో ఇవ్వవలసి ఉంటుంది.

జాబితాలోని ప్రతి సేవకూ ఈ పని విడివిడిగా చేయాలి. పేరోల్, మార్కెటింగ్, అకౌంటింగ్ సేవల్లో చాలావరకు డొమైన్ ధ్రువీకరణ వంటి పేర్లతో ఈ సౌకర్యాన్ని ఇస్తాయి. ఇవ్వలేని సేవ ఉంటే దానిని మార్చుకునే ఆలోచన చేయడమే మంచిది.

డీమార్క్: కనిపించే చిరునామాకు కాపలా

కొన్ని పెద్ద కంపెనీలు కలిసి 2012లో ప్రకటించిన డీమార్క్, 2015లో సాంకేతిక పత్రంగా వెలువడింది. పై రెండూ వదిలేసిన ప్రశ్నను ఇది అడుగుతుంది: ఎస్‌పీఎఫ్ నెగ్గిన డొమైను గానీ, డీకిమ్ సంతకం చేసిన డొమైను గానీ, ఫ్రమ్ గడిలో కనిపిస్తున్న డొమైనుతో సరిపోలుతున్నదా? రెండింటిలో ఏ ఒక్కటి సరిపోలినా ఈమెయిలు నెగ్గుతుంది. దీనినే అలైన్‌మెంట్ అంటారు.

ఇక్కడే చాలామంది తికమక పడతారు. మీ ఇన్వాయిస్ సాఫ్ట్‌వేర్ కవరు మీద తన డొమైనునే పెట్టి, ఫ్రమ్ గడిలో మీ అకౌంట్స్ చిరునామాను చూపుతుంది. ఎస్‌పీఎఫ్ నెగ్గింది, కానీ ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ డొమైనుకు. మీ డొమైనుతో సరిపోలలేదు గనుక డీమార్క్ దానిని లెక్కలోకి తీసుకోదు. మీరు దాని ‘ఇన్‌క్లూడ్’ పదాన్ని మీ ఎస్‌పీఎఫ్‌లో ఎంత శ్రద్ధగా చేర్చినా ఫలితం మారదు, ఎందుకంటే అక్కడ మీ ఎస్‌పీఎఫ్‌ను చూసేవారే లేరు. ఆ సాఫ్ట్‌వేర్ మీ డొమైను పేరుతో డీకిమ్ సంతకం చేస్తేనే, లేదా కవరు చిరునామాను మీ సబ్‌డొమైనుకు (మీ డొమైను పేరుకు ముందు ఒక పదం, చుక్క చేర్చిన పేరుకు) మార్చగలిగితేనే నెగ్గుతుంది. జాబితాలోని ప్రతి సేవకూ డీకిమ్ పెట్టమనడానికి ఇదే కారణం.

మొదటి రికార్డును ‘_డీమార్క్’ అనే పేరు మీద టెక్స్ట్ రికార్డుగా పెట్టాలి. దాని పాఠం ‘వీ=డీమార్క్1; పీ=నన్; ఆర్‌యూఏ=మెయిల్‌టు:’ అని సాగి, నివేదికలు అందుకునే ఈమెయిలు చిరునామాతో ముగుస్తుంది. డీమార్క్1 అన్న పదాన్ని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో రాయాలి, అది రికార్డు మొదట్లోనే ఉండాలి. నివేదికల కోసం ప్రత్యేకంగా ఒక మెయిల్‌బాక్సు తెరవండి, లేకుంటే మీ సొంత ఇన్‌బాక్సు జిప్ ఫైళ్లతో నిండిపోతుంది. ఆ చిరునామా వేరే డొమైనుకు చెందినదైతే, నివేదికలు తీసుకోవడానికి సమ్మతి తెలిపే రికార్డును ఆ డొమైను కూడా ప్రచురించవలసి ఉంటుంది. నివేదికలను విశ్లేషించే సేవలు ఆ ఏర్పాటును తామే చేసి పెడతాయి.

‘నన్’ అంటే పరిశీలించి నివేదిక పంపు, ఏమీ ఆపకు అని. ‘క్వారంటైన్’ అంటే స్పామ్ ఫోల్డరులో వేయి. ‘రిజెక్ట్’ అంటే అసలు తీసుకోకు. రికార్డు పెట్టగానే పరీక్షా సాధనాలు పచ్చ టిక్కు చూపిస్తాయి, యాజమాన్యం సంతోషిస్తుంది, పని అక్కడితో ముగిసిందని అందరూ అనుకుంటారు. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకు 5,000కు మించి జీమెయిల్ చిరునామాలకు పంపేవారు డీమార్క్ రికార్డు పెట్టి తీరాలని గూగుల్ నిబంధన తెచ్చినప్పుడు, యాహూ కూడా అదే బాట పట్టినప్పుడు, ఎన్నో సంస్థలు ‘నన్’ పెట్టి చేతులు దులుపుకున్నాయి, ఆ నిబంధనకు అంతే చాలు కాబట్టి. మోసగాడికి ఆ రికార్డు అడ్డు కాదు. 2024 మేలో అమెరికా ప్రభుత్వ సంస్థలు ఉత్తర కొరియాకు చెందిన కిమ్‌సుకీ హ్యాకర్ల గురించి హెచ్చరిక జారీ చేస్తూ, డీమార్క్ సరిగా అమర్చని, ‘నన్’ దగ్గరే వదిలేసిన డొమైన్ల పేరుతో వారు నిపుణులకు ఈమెయిళ్లు పంపుతున్నారని వివరించాయి. ఈ వ్యాసంలో ఒక్కటే పట్టించుకోవాలనుకుంటే ఇదే పట్టించుకోండి: ‘నన్’ రక్షణ కాదు, రక్షణకు ముందు చేసే సర్వే.

నివేదికలు చదివి ముందుకు సాగడం

గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ వంటి సంస్థలు రోజుకొకసారి ఎక్స్ఎంఎల్ ఫైళ్లు పంపుతాయి. ఏ ఐపీ చిరునామా (సర్వర్‌ను గుర్తించే సంఖ్య) నుంచి మీ పేరుతో ఎన్ని ఈమెయిళ్లు వచ్చాయి, వాటిలో ఎస్‌పీఎఫ్, డీకిమ్ ఏ డొమైనుకు నెగ్గాయి, అలైన్‌మెంట్ కుదిరిందా అన్నవి అందులో ఉంటాయి. కంటితో చదవడం కష్టమే గానీ, వాటిని పట్టికగా మార్చి చూపే ఉచిత సాధనాలు దొరుకుతాయి.

కనీసం ఒక పూర్తి నెల చూడాలి. నెలాఖరు జీతాల స్లిప్పులు, మొదటి వారం బిల్లులు, అరుదుగా వెళ్లే వార్తాలేఖలు అన్నీ ఆ కాలంలో బయటపడతాయి. విద్యాసంస్థలైతే ఫీజులు కట్టే కాలం గడిచేదాకా ఆగడం మంచిది. నివేదికలో కనిపించే ఐపీ చిరునామాలు ప్రధానంగా మూడు తెగలవి. మీకు తెలిసిన సేవలు నెగ్గుతూ కనిపిస్తే సరే. మీకు తెలిసిన సేవ ఓడిపోతూ కనిపిస్తే దానికి డీకిమ్ అమర్చాలి. మీకు ఏ సంబంధమూ లేని దేశాల సర్వర్ల నుంచి వచ్చి రెండు పరీక్షల్లోనూ ఓడిపోయేవి సాధారణంగా దొంగ ఈమెయిళ్లే. ఎస్‌పీఎఫ్ ఓడి డీకిమ్ మాత్రం నెగ్గిన కొద్దిపాటి వరుసలు ఫార్వర్డింగ్ వల్ల వచ్చినవి కావచ్చు. అవి డీమార్క్‌లో నెగ్గుతాయి గనుక కంగారు పడనక్కరలేదు.

మీ సేవలన్నీ నెగ్గుతున్నాయని తేలాక ‘క్వారంటైన్’కు, రెండు మూడు వారాలు ఏ ఫిర్యాదూ రాకపోతే ‘రిజెక్ట్’కు మార్చాలి. మార్చే ముందురోజు ఆ రికార్డు టీటీఎల్‌ను (ఇతర సర్వర్లు దానిని గుర్తుంచుకునే కాలాన్ని) 300 సెకన్లకు తగ్గించి ఉంచితే, ఏదైనా తేడా వచ్చినా వెనక్కి తీసుకోవడానికి గంటల తరబడి వేచి ఉండనక్కరలేదు. అమెరికా ప్రభుత్వం 2017 అక్టోబరులో తన పౌర విభాగాలన్నిటికీ ‘రిజెక్ట్’ చేరడానికి ఏడాది గడువిచ్చింది. వాటి వందలాది డొమైన్లతో పోలిస్తే ఒక చిన్న సంస్థకు రెండు నెలలు సరిపోతాయి.

‘రిజెక్ట్’ వల్ల చిక్కులు అసలు లేవనలేము. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైనుకు ‘రిజెక్ట్’ పెట్టగానే ఒక చిరునామాకు రాస్తే సభ్యులందరికీ చేరవేసే మెయిలింగ్ లిస్టులు ప్రపంచమంతటా తడబడ్డాయి. యాహూ సభ్యుడు రాసిన ఈమెయిలుకు లిస్టు తన అడుగు పంక్తి చేర్చగానే డీకిమ్ సంతకం చెడిపోయేది, లిస్టు సర్వర్ యాహూది కాదు గనుక ఎస్‌పీఎఫ్ కూడా కుదిరేది కాదు. తరువాత లిస్టు సాఫ్ట్‌వేర్లు ఫ్రమ్ చిరునామాను మార్చి పంపడం అలవాటు చేసుకున్నాయి. మీ సిబ్బంది అటువంటి లిస్టుల్లో చురుగ్గా ఉంటే వారికి ముందే చెప్పి ఉంచండి.

పరీక్షించడానికి మీ డొమైను నుంచి మీ సొంత జీమెయిల్‌కు ఒక ఈమెయిలు పంపి, మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కితే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఫలితాలు పైనే కనిపిస్తాయి. జాబితాలోని ప్రతి సేవ నుంచీ ఇలా ఒక్కొక్కటి పంపి చూడాలి, ముఖ్యంగా వెబ్‌సైటు ఫారం నుంచి.

మరచిపోయే డొమైన్లు

పేరు కాపాడుకోవడానికి కొని, ఈమెయిలుకు వాడని డొమైన్లు మోసగాళ్లకు అనువైనవి. వాటికి పని అయిదు నిమిషాలే: ఏ సర్వర్‌కూ అనుమతి లేదని చెప్పే ‘వీ=ఎస్‌పీఎఫ్1 -ఆల్’, దానితో పాటు నేరుగా ‘పీ=రిజెక్ట్’ డీమార్క్. ఇక్కడ మైనస్ గుర్తుకు ఏ అభ్యంతరమూ లేదు. సబ్‌డొమైన్ల విషయానికొస్తే, ప్రధాన డొమైను డీమార్క్ విధానం వాటికీ వర్తిస్తుంది గానీ ఎస్‌పీఎఫ్ వర్తించదు; డీమార్క్ రికార్డులో ‘ఎస్‌పీ=నన్’ అని ఎవరైనా రాసి ఉంటే సబ్‌డొమైన్లన్నీ తెరిచి ఉన్నట్టే.

ఈ కాపలా ఆపలేనివి

చూడటానికి మీ పేరులాగే ఉండే మరో డొమైనును మోసగాడు కొనుక్కుంటే డీమార్క్ ఏమీ చేయలేదు. ఇంగ్లిష్ ‘ఎం’ బదులు ‘ఆర్’, ‘ఎన్’ అక్షరాలను పక్కపక్కన పెడితే చిన్న తెర మీద తేడా తెలియదు, ఆ డొమైనుకు అతడు మూడు రికార్డులూ సక్రమంగానే పెట్టుకుంటాడు. భారతీయ రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నీ ‘బ్యాంక్.ఇన్’ డొమైనుకు 2025 అక్టోబరు 31లోగా మారాలని ఆదేశించింది ఈ కోవ మోసాలను దృష్టిలో ఉంచుకునే. ఆ పేర్లను హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థ ఒక్కటే, బ్యాంకులకు మాత్రమే నమోదు చేస్తుంది. చిరునామాతో పనిలేకుండా పేరు గడిలో మాత్రమే మీ ఎండీ పేరు పెట్టుకుని, ఏదో ఒక జీమెయిల్ నుంచి పంపేవారినీ డీమార్క్ అడ్డుకోదు. మెయిల్‌బాక్సు పాస్‌వర్డే దొంగ చేతిలో పడితే అతడు పంపే ఈమెయిలు మూడు పరీక్షలూ నెగ్గుతుంది. అందుకే రెండంచెల లాగిన్ తప్పనిసరి. ఖాతా మార్పు కోరే ఈమెయిలు ఎవరి నుంచి వచ్చినా, అందులో ఇచ్చిన నంబరుకు కాకుండా మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలని కొనుగోలుదారులకు ఒప్పందంలోనే రాసి ఇవ్వడం మంచిది.

సొమ్ము పోయిన తరువాత తెలిసినట్టయితే బ్యాంకుకు, 1930 హెల్ప్‌లైనుకు వెంటనే ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేర పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. నకిలీ ఈమెయిలు అందుకున్నవారిని దానిని మామూలుగా ఫార్వర్డ్ చేయవద్దని, అసలు సందేశాన్ని ఫైలుగా డౌన్‌లోడ్ చేసి అటాచ్‌మెంటుగా పంపమని కోరండి. ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్లు పోతాయి. స్క్రీన్‌షాటులో అవి ఉండనే ఉండవు. అది ఏ ఐపీ చిరునామా నుంచి బయలుదేరిందో, కవరు మీద ఏ డొమైను ఉందో పోలీసులకు చెప్పగలిగేది ఆ హెడర్లే.